మీట నొక్కే హక్కు

ఈ రోజుల్లో కంప్యూటరు ఊసు లేని కాలేజీ సంచిక వుండదు. కృత్రిమ మేధ వస్తోంది, మన ఉద్యోగాలన్నీ పోతాయని ఒకరు రాస్తారు. పోవు, కొత్తవి పుట్టుకొస్తాయని ఇంకొకరు రాస్తారు. ఆ వాదం సాగనివ్వండి, మంచిదే. నేను మాత్రం అంతకన్నా చాలా చిన్న సంగతి గురించి రాయదలిచాను. కీబోర్డు మీద ఒక మీట నొక్కితే ఆ కబురు ముందుగా ఎవరికి చేరాలి? ఇదీ నా ప్రశ్న. ఇదేదో ఇంజనీర్లు తేల్చుకోవలసిన వ్యవహారం, మనకెందుకు అని పేజీ తిప్పేయకండి మిత్రులారా. ఈ చిన్న ప్రశ్నకు సరైన జవాబు లేకపోవడం వల్లనే మనతోపాటు సీటు తెచ్చుకున్న విద్యార్థులు కొందరు కంప్యూటరు ముందు కూర్చుని కూడా కంప్యూటరుకు దూరంగా వుండిపోతున్నారు.

ముందు అసలు ఏం జరుగుతుందో చూద్దాం. మీరు ఒక మీట నొక్కగానే కీబోర్డు దాని నెంబరును కంప్యూటరుకు పంపుతుంది. వేలు తీయగానే ఇంకో కబురు పంపుతుంది. నొక్కడం ఒక సంఘటన, వదలడం వేరొక సంఘటన. ఈ రెండో సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్ ఆ కబురు అందుకుని, ఆ క్షణాన తెర మీద ఏ ప్రోగ్రాము ముందుందో దానికి అప్పగిస్తుంది. అక్షరమైతే అక్షరం పడుతుంది, ఎంటర్ అయితే లైను మారుతుంది. మన కళ్లు తెర మీదే వుంటాయి కాబట్టి, ఏదైనా తేడా వస్తే వెంటనే తెలిసిపోతుంది.

చూపు లేని విద్యార్థి సంగతి వేరు. అతనికి మౌసు వల్ల ప్రయోజనం లేదు. బాణం గుర్తు ఎక్కడుందో కనబడనప్పుడు దాన్ని ఎటు తోస్తాడు? అతనికి వున్నదల్లా కీబోర్డు, చెవులు, మధ్యలో స్క్రీన్ రీడర్ అనే ప్రోగ్రాము. అది తెర మీద వున్నదాన్ని చదివి వినిపిస్తుంది. అయితే చదవడం దాని పనిలో సగమే. మిగతా సగం వినడం. 'ఈ లైను మళ్లీ చదువు', 'ఈ కిటికీ పేరేమిటి', 'ఇక ఆపు' అని వాడేవాడు చెప్పాలి కదా? ఆ మాటలన్నీ మీటలతోనే చెప్పాలి. విండోస్‌లో ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ అనే ప్రోగ్రామునే తీసుకోండి. ఇన్సర్ట్ గాని, క్యాప్స్‌లాక్ గాని దానికి తాళంచెవిలాంటిది. ఇన్సర్ట్ పట్టుకుని 'టి' నొక్కితే కిటికీ పేరు చెబుతుంది. ఎఫ్12 నొక్కితే టైము చెబుతుంది. ఒక్క కంట్రోల్ నొక్కితే నోరు మూస్తుంది. వెబ్ పేజీ చదివేటప్పుడు 'హెచ్' నొక్కితే తర్వాతి శీర్షికకు, 'కె' నొక్కితే తర్వాతి లింకుకు పోతుంది. అదే పేజీలో ఏదైనా గడి నింపవలసి వస్తే మాత్రం, 'హెచ్' మామూలు 'హెచ్' లాగే పడాలి. అంటే ఒకే మీట ఒకసారి ఆజ్ఞ, ఇంకోసారి అక్షరం. ఏది ఎప్పుడో ప్రతిసారీ తేల్చవలసింది స్క్రీన్ రీడరే.

అంచేత స్క్రీన్ రీడర్ దారి మధ్యలో నిలబడాలి. మీట కబురు ముందున్న ప్రోగ్రాముకు చేరకముందే తాను చూడాలి. తనదైతే అట్టే పెట్టుకోవాలి, కాకపోతే పోనివ్వాలి. చెప్పడానికి ఇంత తేలిక. చెయ్యడంలో వున్నాయి చిక్కులు. మీట నొక్కిన కబురు తాను తీసుకుని, వదిలిన కబురును మాత్రం పోనిచ్చిందనుకోండి, లేదా అటుదిటైందనుకోండి. నొక్కినట్టు ఒకరికి తెలుసు, వదిలినట్టు ఆ ఒకరికే తెలియదు. ఇక ఆ మీట నొక్కి పట్టుకున్నట్టే వుండిపోతుంది. ఆ తర్వాత కొట్టిన ప్రతి అక్షరమూ ఏదో ఒక ఆజ్ఞ అయిపోతుంది. చూసేవాడికి అది చికాకు. చూడనివాడికి తాను రాస్తున్న జవాబు ఏమైపోతోందో తెలియని గాభరా.

టైముతో ఇంకో చిక్కు. స్క్రీన్ రీడర్ జవాబు చెప్పేదాకా ఆ మీట దారిలోనే ఆగి వుంటుంది. ఆలస్యమైతే కంప్యూటరంతా నిద్రపోతున్నట్టు అనిపిస్తుంది. అందుకే ఇట్లా మధ్యలో నిలబడే ప్రోగ్రాములకు విండోస్ గడువు పెట్టింది. విండోస్ 10లో 2017 చివరినుంచి ఆ గడువు మహా అయితే ఒక సెకను. గడువు దాటితే విండోస్ దాన్ని పక్కకు నెట్టి ముందుకు పోతుంది. ఇట్లా పదే పదే జరిగితే హెచ్చరిక కూడా లేకుండా అక్కణ్ణించి తీసేయగలదు. అంటే, చేతకాని పాత కంప్యూటర్లను "వాళ్లకు ఇవి చాల్లే" అని ఒక మూల పడేసి, ఆ మూలను ప్రత్యేక విద్యార్థుల విభాగం అని పిలిస్తే సరిపోదన్నమాట. వేగం వాళ్లకు విలాసం కాదు, ప్రాణావసరం.

ఈ ప్రోగ్రాములు ఎక్కణ్ణించి వచ్చాయో కూడా తెలుసుకోవాలి. ఇవి పెద్ద కంపెనీల దయాదాక్షిణ్యాలతో మొదలైనవి కావు. అమెరికాలో టెడ్ హెంటర్ అనే మోటారు సైకిలు పందేల ఆటగాడు 1978లో కారు ప్రమాదంలో చూపు పోగొట్టుకుని, ప్రోగ్రామింగు నేర్చుకుని, జాస్ అనే స్క్రీన్ రీడర్ తయారీకి నాయకత్వం వహించాడు. అది 1989లో డాస్ మీద వచ్చింది. మంచి ప్రోగ్రామే గాని, ధర సామాన్యుడికి అందేది కాదు. ఆస్ట్రేలియాలో మైకేల్ కర్రన్ అనే చూపు లేని యువకుడు, చూసేవాళ్లకు ఉచితంగా వచ్చేదాన్ని చూడనివాళ్లు డబ్బు పోసి ఎందుకు కొనుక్కోవాలని, 2006లో ఎన్‌వీడీఏ మొదలుపెట్టాడు. చూపు లేని ఇంకో మిత్రుడు జేమ్స్ టే అతనితో కలిశాడు. ఈ రోజున మన రాష్ట్రాల్లో చదువుకునే పేద విద్యార్థి కూడా దాన్ని పెన్‌డ్రైవులో వేసుకుని జేబులో పెట్టుకోగలుగుతున్నాడు. లైనక్స్‌లో ఓర్కా వుంది, అదీ ఉచితమే. ఆపిల్ వాళ్లు 2005నుంచి మాకింతోష్‌లోనే వాయిస్ఓవర్ పెట్టి ఇస్తున్నారు.

చూపు ఒక్కటే కాదు. షిఫ్ట్ మీట వరసగా అయిదుసార్లు నొక్కితే ఒక కిటికీ ప్రత్యక్షమై ఏదో అడగడం మీలో చాలామంది చూసే వుంటారు. ఆటలాడుతూ వుంటే అది అడ్డొచ్చి, విసుక్కుని మూసేసి వుంటారు. దాని పేరు స్టిక్కీ కీస్. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడింటినీ ఒకేసారి నొక్కడానికి రెండు చేతులు కావాలి. ఒక్క చెయ్యే వున్నవాడో, నోట్లో పుల్ల పెట్టుకుని మీటలు నొక్కేవాడో ఏం చేస్తాడు? ఒకదాని తర్వాత ఒకటి నొక్కినా కలిపి నొక్కినట్టే లెక్కవేస్తుంది అది. చేతులు వణికేవాళ్లకు ఫిల్టర్ కీస్ వుంది. అనుకోకుండా తగిలిన తాకిడిని, వెంట వెంటనే రెండుసార్లు పడ్డ నొక్కుడును అది వదిలేస్తుంది. వీటికి పునాది అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో గ్రెగ్ వాండర్‌హైడెన్ నడిపిన ట్రేస్ సెంటర్‌లో పడింది. విండోస్ 95నాటికి అవి సిస్టమ్‌లోనే భాగమైపోయాయి. ఒక విశ్వవిద్యాలయంలో పుట్టిన పని ఈ రోజు ప్రపంచంలో ప్రతి విండోస్ కంప్యూటరులోనూ వుంది. మనదీ విశ్వవిద్యాలయ కళాశాలే. ఈ మాట ఎందుకన్నానో మీకే తెలుసు.

ఇక అసలు వివాదంలోకి వస్తాను. "ఏ ప్రోగ్రామో మధ్యలో కూర్చుని ప్రతి మీటనూ వింటుందంటే, రేపు దొంగ ప్రోగ్రాము కూడా అట్లాగే కూర్చుని మన పాస్‌వర్డులు వినదా?" అని భద్రత నిపుణులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కాదనడం లేదు. 1984లో ఎంఐటీలో పుట్టిన ఎక్స్ విండో సిస్టమ్‌లో ఒక ప్రోగ్రాముకు వచ్చే మీటలను ఇంకో ప్రోగ్రాము సులువుగా వినగలిగేది. ఆ లొసుగు పూడ్చాలని, ఇంకా అనేక కారణాలతో, 2008లో వేలాండ్ అనే కొత్త పద్ధతి మొదలైంది. అందులో ఎవరి మీట వాళ్లకే. పక్కవాడిది వినడానికి వీల్లేదు. భద్రత దృష్టితో చూస్తే భేషైన పద్ధతి.

కాని ఓర్కా సంగతేమిటి? అది పక్క ప్రోగ్రాము మీటలు వినకపోతే బతకదు. అంతకుముందు ఓర్కాకు ఒక ఏర్పాటు వుండేది. ప్రతి ప్రోగ్రామూ తనకొచ్చిన మీటను ముందు ఓర్కాకు చూపించి, "ఇది నీదా, నాదా?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగేది. మర్యాదస్తులు వున్నంతకాలం నడిచే పద్ధతి అది. ఏ ప్రోగ్రామైనా ఆ మర్యాద పాటించకపోతే అక్కడ ఓర్కాకు చెవుడే. ఫెడోరా లైనక్స్ 2016లో వేలాండ్‌ను తన మామూలు పద్ధతిగా చేసుకుంది. గ్నోమ్ డెస్క్‌టాప్‌లో వేలాండ్ మీద ఓర్కా మీటలు సవ్యంగా పనిచెయ్యడానికి ఒక అధికారికమైన దారి 2025 మార్చిలో, గ్నోమ్ 48తో వచ్చింది. లెక్క వేసుకోండి. ఎనిమిదేళ్ల పైమాట. ఒక పిల్లవాడు అయిదో తరగతిలో చేరి ఇంటర్ దాటి మన కాలేజీ గేటు దగ్గరికి వచ్చేంత కాలం.

ఇది ఎవరి కుట్రా కాదు. చేసినవాళ్లు మంచివాళ్లే. ఓర్కాను ఏళ్ల తరబడి నిలబెట్టినవాళ్లు చాలా కొద్దిమంది, వాళ్ల ఓపికకు దణ్ణం పెట్టాలి. నా ఫిర్యాదు వరస మీద. ముందు అందరికీ ఇల్లు కట్టేశారు, తాళం వేశారు, ఆ తర్వాత "అయ్యో, ఆ లోపలి గదిలోవాళ్లకు తలుపు పెట్టలేదే" అనుకున్నారు. దొంగల భయంతో తాళం వెయ్యడం తప్పు కాదు. ఇంటివాణ్ణి కూడా బయటే వుంచి వేసిన తాళాన్ని మాత్రం భద్రత అనరు. చివరికి దొరికిన పరిష్కారం ఏమిటి? అందరికీ తలుపు తెరవడం కాదు. మీటలన్నీ మొదట అందుకునే డెస్క్‌టాప్ మూలభాగమే, తాను గుర్తుపట్టిన స్క్రీన్ రీడర్‌కు మాత్రం వినిపించే ఏర్పాటు. అంటే భద్రతకూ అందుబాటుకూ సహజవైరం ఏమీ లేదు. రెంటినీ మొదటి రోజునుంచీ కలిపి ఆలోచించని అలవాటే అసలు జబ్బు.

భద్రత పేరుతోనే జరిగే ఇంకో అన్యాయం వుంది. కీబోర్డు లేకుండా పుట్టే మీటలు వుంటాయి. తెర మీద బొమ్మ కీబోర్డునుంచి, గొంతుతో చెప్పి రాయించే ప్రోగ్రామునుంచి, ఒక్క బొత్తాముతో నడిచే పరికరంనుంచి వచ్చేవి అవి. విండోస్ వీటి మీద 'ఇది కృత్రిమంగా వచ్చింది' అని ముద్ర వేసి పంపుతుంది. ముద్ర వేస్తే తప్పు లేదు. కాని ఆ ముద్ర చూసి 'ఇది దొంగ మీట' అని తోసిపుచ్చే ప్రోగ్రాము రాస్తే? స్టీఫెన్ హాకింగ్ మొదట చేత్తో నొక్కే ఒక్క స్విచ్చితో, తర్వాత చెంప కదలికను కళ్లజోడు మీది పరికరం పసిగట్టే పద్ధతిలో కంప్యూటరును నడిపించాడు. ఆయన పుస్తకాలూ ఉపన్యాసాలూ అట్లా వచ్చినవే. ఆయన చెంపనుంచి వచ్చిన అక్షరం దొంగ అక్షరమా? వేలితో నొక్కిందే నిజమైన మీట అని ఎవరు నిర్ణయించారు?

మన తెలుగు సంగతి చూద్దాం. ఇంగ్లీషులో ఒక మీటకు ఒక అక్షరం. మనకు అట్లా కుదరదు. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో 'క్ష' రాయాలంటే మామూలుగా క, పొల్లు, ష అని మూడు నొక్కుళ్లు. 'స్త్రీ' అనే ఒక్క అక్షరంలో ఆరు సంకేతాలున్నాయి. బాణం మీట నొక్కితే చాలా ప్రోగ్రాముల్లో మొత్తం 'స్త్రీ' దాటిపోతుంది. బ్యాక్‌స్పేస్ నొక్కితే మాత్రం చివరి గుడి ఒక్కటే పోయి 'స్త్ర' మిగులుతుంది. చూసేవాడు చూసి సర్దుకుంటాడు. వినేవాడికి స్క్రీన్ రీడర్ ఏం చెప్పాలి? నొక్కిన మీటనా, పడిన అక్షరాన్నా, మిగిలినదాన్నా? ఇంగ్లీషు మీటలతో తెలుగు రాసే పద్ధతుల్లో ఇంకా చిత్రం. నొక్కింది ఒకటి, దాన్ని మధ్యలో ఇంకో ప్రోగ్రాము మింగి తెర మీద వేసింది వేరొకటి. దారిలో ఇద్దరు ద్వారపాలకులు నిలబడి ఒకే మీట కోసం పోటీపడినట్టు వుంటుంది. వియత్నాం వాళ్లకూ ఇదే తంటా. వాళ్లు వాడే యూనికీ అనే ప్రోగ్రాముతో అక్షరాలు తప్పుగా పడుతున్నాయని తేలాక, ఇతర ప్రోగ్రాములు పుట్టించే మీటలను పట్టించుకోవద్దని చెప్పే వీలు ఎన్‌వీడీఏలో పెట్టారు. వాళ్లు అడిగారు, పెట్టారు. మనం అడిగామా? ఎనిమిది కోట్లమందికి పైగా మాట్లాడే భాష అని సభల్లో చెప్పుకుంటాం. ఆ భాషలో ఒక చూపు లేని విద్యార్థి ఒక పేజీ స్వయంగా రాసుకుని, తప్పులు తానే దిద్దుకోగలుగుతున్నాడా అని ఎన్ని సభల్లో అడిగాం?

మీట నొక్కి రాయడం ఒక ఎత్తైతే, రాసిపెట్టినదాన్ని చదువుకోవడం ఇంకో ఎత్తు. యూనికోడ్ కాని పాత డీటీపీ అక్షరాలతో కొట్టిన నోటీసులు, పాఠాలు ఇప్పటికీ తిరుగుతున్నాయి. అవి కళ్లకు తెలుగు. కంప్యూటరు లెక్కలో మాత్రం ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల కుప్ప. స్క్రీన్ రీడర్ ఆ కుప్పనే చదివి వినిపిస్తుంది. పరీక్ష ఫీజు ఆఖరి తేదీ కూడా వినబడని నోటీసు నోటీసేనా?

చట్టం లేదా అంటే, వుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఉన్నత విద్యలో అయిదు శాతానికి తగ్గకుండా సీట్లు ఇవ్వమన్నది. సమాచార సాధనాలు అందరికీ అందుబాటులో వుండాలన్నది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ప్రజ్ఞా ప్రసూన్ కేసులో, డిజిటల్ అందుబాటు రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పింది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. వాళ్లలో చూపు ఇబ్బంది వున్నవాళ్లు సుమారు 50 లక్షలు. ఇంతమందికి చట్టం హక్కు ఇచ్చింది. మన ల్యాబులు మీట ఇవ్వడం లేదు. సీటు ఇచ్చి మీట ఇవ్వకపోతే, విస్తరి వేసి అన్నం పెట్టనట్టే.

"పెన్‌డ్రైవులో తెచ్చుకోవచ్చు కదా" అని కొందరంటారు. ఎన్‌వీడీఏను అట్లా నడపవచ్చు, నిజమే. కాని విండోస్‌లోకి ప్రవేశించే తెర, అనుమతి అడిగే తెర భద్రమైన తెరలు. పెన్‌డ్రైవులోని ప్రతి అక్కడ పలకదు. కంప్యూటరులో సక్రమంగా ఇన్‌స్టాల్ చేసినదే పలుకుతుంది. అయినా చాలా ల్యాబుల్లో పెన్‌డ్రైవు పెట్టనే పెట్టనివ్వరు. వైరస్ భయమంటారు. ఇన్‌స్టాల్ చెయ్యమంటే రూల్సు ఒప్పుకోవంటారు. ఇక ఆ విద్యార్థి ఎక్కడికి పోవాలి?

పరీక్షల్లో ఇంకా ఘోరం. కంప్యూటరు మీద పెట్టే కొన్ని పరీక్షల్లో కీబోర్డు ముట్టుకోవద్దు, మౌసు ఒక్కటే వాడమంటారు. కాపీ జరగకుండా చూసే ప్రోగ్రాములు ఆల్ట్, ట్యాబ్ లాంటి మీటలను బిగించేస్తాయి. వాటితోపాటు స్క్రీన్ రీడర్ గొంతు కూడా బిగుసుకుపోవచ్చు. అప్పుడు స్క్రైబును ఇస్తామంటారు. స్క్రైబు అవసరమైనవాళ్లకు తప్పక ఇవ్వాలి. కాని తన చేత్తో తాను రాయగలనన్నవాడికి మీట లాగేసి మనిషినివ్వడం సాయమెట్లా అవుతుంది? తన జవాబు తానే రాసి, తానే కొట్టేసి, మళ్లీ తానే రాసుకునే స్వేచ్ఛ మనకెంత ముద్దో అతనికీ అంతే.

కాబట్టి విద్యార్థి సంఘం ముందు నాలుగు కోరికలు పెడుతున్నాను. మొదటిది, కాలేజీలోని ప్రతి ల్యాబులో, లైబ్రరీలో, ప్రతి విండోస్ కంప్యూటరు మీద ఎన్‌వీడీఏ, లైనక్స్ మీద ఓర్కా ఇన్‌స్టాల్ అయి వుండాలి. ఖర్చు సున్న, కావలసింది ఒక సర్క్యులరు, రెండు రోజుల పని, కొన్ని ఇయర్‌ఫోన్లు. రెండోది, ఏ పరీక్ష ప్రోగ్రామైనా కొనేముందు, చూపు లేని విద్యార్థి ఒకరు, చేతులు సరిగా కదలని విద్యార్థి ఒకరు దాన్ని నడిపి చూసి సరేనన్న తర్వాతే కొనాలి. మూడోది, కాలేజీ నోటీసులు, పాఠాలు యూనికోడ్‌లోనే వుండాలి. మన ఈ సావనీరుతోనే మొదలుపెట్టవచ్చు. నాలుగోది మనకు మనమే పెట్టుకోవలసినది. ప్రాజెక్టుల కోసం ప్రోగ్రాములు రాసే మిత్రులు వాటిని అప్పజెప్పేముందు మౌసు పీకి పక్కన పెట్టి, ఒక్క కీబోర్డుతో మొదటినుంచి చివరిదాకా నడిపి చూడండి. ఎక్కడ ఇరుక్కుపోతారో అక్కడే ఇంకొకరు రోజూ ఇరుక్కుంటున్నారని గ్రహించండి.

ఇవేవీ జాలితో చెయ్యవలసిన పనులు కావు. సభ పెట్టి, శాలువా కప్పి, ఫోటో తీసి పేపరుకు పంపే వ్యవహారం అంతకన్నా కాదు. తెలుగులో అక్షరాలు ఎట్లా పలకాలో, మీటలు ఎట్లా వినాలో తేల్చే పరిశోధన మన కంప్యూటరు శాఖవాళ్లు, తెలుగు శాఖవాళ్లు కలిసి చెయ్యదగ్గ పని. కాలేజీలో చేరేవాడికి బెంచీ ఎట్లా వుండాలో, నల్లబల్ల ఎట్లా వుండాలో, తన మాట వినే కీబోర్డు కూడా అట్లాగే వుండాలి. వచ్చే యేడు సంచిక అచ్చయ్యేనాటికి ఈ నాలుగింటిలో ఎన్ని జరిగాయో లెక్క చెప్పమని సంఘం నాయకులను అడుగుదాం. అడిగే హక్కు మనకుంది. అడగకపోతే ఆ ఎనిమిదేళ్లు మళ్లీ మనకే పునరావృతమవుతాయి.